‘కొత్తది’ అని రాసిన సీసా

అవనిగడ్డ,
11 జూన్ 1999.

అమ్మాయి సుచిత్రకు బాబాయి దీవెనలు.

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి ఆనవాయితీ. ఈసారి రాయను. నా అంబాసిడర్ చచ్చిపోయింది.

పోయిన గురువారం మీ పిన్నిని కంటి ఆపరేషన్‌కి బందరు తీసుకెళ్తున్నాను. మోపిదేవి దాటి చల్లపల్లి ఇంకా రాకముందే, ఇంజన్లో ఎవరో కూర్చుని గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు. నేను ఆపేలోపు అదే ఆగింది. బానెట్ ఎత్తితే పొగ, మాడు కంపు. ఆ వేళకి ఆ రోడ్డు మీద మాకు దొరికిందల్లా నాగాయలంక నుంచి వస్తున్న రొయ్యల లారీ. పిన్నిని ముందు ఎక్కించి నేను వెనక ఐసు పెట్టెల మీద కూర్చున్నాను. కరిగిన ఐసు నీళ్ళు, రొయ్యల నీసు కలిసి నా తెల్ల ప్యాంటు తడిపి బూట్లలోకి దిగాయి. ఆస్పత్రిలో నర్సు పిల్ల ముక్కు మూసుకుని "పెద్దాయనా, మీరు బయట కూర్చోండి" అంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. ఆ కుదుపులకి పిన్నికి బి.పి. పెరిగిందని ఆపరేషన్ వాయిదా వేశారు. ఇంటికొచ్చి బూట్లు గుమ్మం బయట పెడితే వీధి కుక్క కూడా వాసన చూసి వదిలేసింది.

బండిని బందరు వర్క్‌షాపుకి లాగించి విప్పించాను. లోపల బేరింగులు అరిగి రేకుల్లా తయారయ్యాయట. "ఆయిల్ అసలు మార్చేవారా మాస్టారూ?" అన్నాడు అక్కడి మేస్త్రి. నన్ను పట్టుకుని! మొన్న క్రిస్మస్‌కే కదా ఇంజన్ మొత్తం కొత్తగా కట్టించింది. మన కుటుంబంలో ఎవరు బండి కొన్నా, ఇంజన్ కట్టించినా, మొదటి ఆయిల్ మీ నాన్నే ప్రార్థన చేసి తన చేత్తో పోస్తాడు కదా. దీనికీ అంతే. గుడివాడ నుంచి పనిగట్టుకుని వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థించి పోశాడు. ఆ తర్వాత కూడా అన్నయ్య ఆయిల్ కొట్టు డబ్బాలే తప్ప ఇంకొకటి వాడింది లేదు. క్రిస్మస్ కేకుతో పాటు చుట్టాలందరికీ తలా రెండు డబ్బాలు పంపడం ఆయనకి అలవాటాయె.

బండికి ఆయిల్ మార్చేవాడు మాత్రం అబ్బులు. మన రోడ్డు పక్క స్థలంలో షెడ్డు వేసుకున్న మెకానిక్. నీకు గుర్తుండే ఉంటాడు, ఖైనీ నములుతూ మాటకోసారి ఉమ్ముతాడు, గోళ్ళ కింద ఎప్పుడూ నలుపే. నా అనుమానం వాడి మీదే. నా కొత్త ఆయిల్ అమ్ముకుని, లారీల్లోంచి తీసిన పాత ఆయిల్ నా బండిలో పోసి ఉంటాడు. అడిగితే "నాకేం తెలుసండీ, మీరిచ్చిందే పోశాను" అని పక్కకి తిరిగి ఉమ్మాడు.

నువ్వు విశాఖలో ఓడల ఆయిలూ, క్రేన్ల ఆయిలూ పరీక్ష చేసే లేబరేటరీలోనే ఉన్నావు కాబట్టి, నా ఇంజన్లోంచి తీసింది ఆర్టీసీ పార్సిల్లో పంపుతున్నాను. పరీక్ష చేసి రెండు ముక్కలు రాయి, వాడి సంగతి నేను తేలుస్తాను. ఫోన్ చెయ్యకు. ఎస్టీడీ బూత్ గంగరాజు చెవులు ఎప్పుడూ మనింట్లోనే ఉంటాయి.

ఆ నల్లటి రొచ్చుని నా చేత్తోనే సీసాలో పట్టాను. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా పప్పన్నం కలుపుకుంటే అదే కంపు. స్పూనుతో తింటున్నాను, ఛీ.

ఒళ్ళు మండిపోతున్న మీ బాబాయి,
శ్యాంబాబు

---

విశాఖపట్నం,
22 జూన్ 1999.

బాబాయ్‌కి వందనాలు.

మీ సీసా సగమే వచ్చింది. మిగతా సగం దారిలో ఎవరివో చీరల మూట మీద కారిందట. పార్సిల్ ఆఫీసువాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి నా ముందు పెట్టి, అవే వేళ్ళతో పెన్ను ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. నా చున్నీకి అయిన మరక ఇప్పటికీ పోలేదు.

మా దగ్గర ఒక మెషీన్ ఉంది. చుక్క ఆయిల్ మండించి, అందులో ఏ లోహం ఎంత ఉందో చెబుతుంది. మీ ఆయిల్ పెట్టగానే ఉప్పులో ఉండే సోడియం ఎంత వచ్చిందంటే, మా సీనియర్ గారు నా వైపు చూసి "మీ బాబాయి కారుని సముద్రంలో తోలారా అమ్మా?" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. హంసలదీవి వెళ్ళి అలల్లోకి గానీ దింపారా? అంతలో గదంతా ఒక వాసన లేచింది. మాడిన గోంగూర, దాంట్లో వెల్లుల్లి. పచ్చడి సీసాలో పంపిస్తారా బాబాయ్! మెషీన్ కడిగేసరికి మధ్యాహ్నం అయింది. ఆ రోజు క్యారియర్ విప్పలేదు, అందులోనూ గోంగూరే.

ఈసారి మందుల షాపులో ఖాళీ సీసాలు కొత్తవి రెండు కొనండి. ఒకదాంట్లో ఇంజన్ ఆయిల్ పట్టండి. మొదట కారేది వదిలేసి, తర్వాత వచ్చేది పట్టాలి. రెండో దాంట్లో అదే రకం కొత్త ఆయిల్, సీలు తియ్యని డబ్బాలోంచి పొయ్యండి. పుట్టినప్పుడు ఎలా ఉందో తెలియకుండా ఎలా చెడిందో చెప్పలేం. నాన్న ఇచ్చిన డబ్బా ఇంట్లో ఉంటుందిగా, అందులోంచే పంపండి. ఒకదాని మీద ‘పాతది’, ఇంకోదాని మీద ‘కొత్తది’ అని రాయండి.

ఇంకో మాట. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం తప్పు కాదు, అది పని చేస్తోందని గుర్తు. రంగు చూసి ఎవర్నీ దొంగ అనకండి. రిజల్టు వచ్చేదాకా ఆ అబ్బుల్ని ఏమీ అనొద్దు. అతని ఖైనీ అంటే నాకూ రోతే, కానీ అది వేరే లెక్క.

పిన్ని కన్ను ఎలా ఉంది?

సుచిత్ర

---

అవనిగడ్డ,
5 జూలై 1999.

సుచిత్రకు,

సముద్రంలో కారు తోలానా? నేనా? అది చదివి మీ పిన్ని ఒకటే నవ్వు. ఆవిడ కడిగి ఎండబెట్టిన సీసాకి పచ్చడి వాసన ఉండే ప్రశ్నే లేదంటోంది. వాసన మీ లేబరేటరీదేనట. ఆవిడతో నువ్వే తేల్చుకో.

చెప్పినట్టే కొత్త సీసాలు కొన్నాను. షెడ్డు బీరువాలో ఉన్న రెండు డబ్బాలూ ఇంటికి తెప్పించి, ఒకదాని సీలు నా చేత్తో తీసి ‘కొత్తది’ పోశాను, చీటీ అంటించాను. తేనెలా ఉంది చూడు, అన్నయ్య సరుకంటే అదీ.

ఎవర్నీ దొంగ అనొద్దని రాశావు. నేను అనలేదమ్మా, ఊరే అంది. నేను బడిలో నలుగురితో అన్న మాట సాయంత్రానికి షెడ్డుకి చేరింది. అబ్బులు నేరుగా వసారాలోకి వచ్చాడు. పిన్ని అప్పుడే తుడిచిన గచ్చు మీద వాడి పాదాల ముద్రలు, నల్లగా, జిడ్డుగా. "ఏంటండీ మాస్టారూ, నేను దొంగనంటున్నారంట?" అన్నాడు. రిపోర్టు రానీ అన్నాను. "రానీండి. అప్పటిదాకా నోరు కట్టుకోండి మరి" అని మసిగుడ్డతో ముక్కు తుడుచుకుని, ఆ గుడ్డ మా కుర్చీ మీదే మరిచిపోయి వెళ్ళాడు. కర్రతో ఎత్తి బయట పారేశాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు, నువ్వు మాత్రం పట్టాలి.

పిన్ని ఆపరేషన్ బాగా జరిగింది. బస్సులో వెళ్ళొచ్చాం. పక్క సీటులో ఎండు చేపల బుట్ట. ఇంక ఆ సంగతి రాయను.

మీ బాబాయి

---

విశాఖపట్నం,
16 జూలై 1999.

బాబాయ్,

చీటీలు తారుమారు చేశారా?

‘కొత్తది’ అని రాసిన సీసాలో ఉన్నది కొత్త ఆయిల్ కాదు. అందులో ఇనుము ఉంది, రాగి ఉంది, బేరింగుల నుంచి వచ్చే సీసం ఉంది. ఇవన్నీ ఇంజన్లో తిరిగి వచ్చిన ఆయిల్లోనే ఉంటాయి. పైగా ఆసిడ్, మెత్తటి మట్టి. కొత్త ఆయిల్లో కలపాల్సిన మందులు మాత్రం లేవు. ‘పాతది’ అన్న సీసాలో ఇవే ఇంకా ఎక్కువ ఉన్నాయి. రెండూ పాతవే. ఒకే గరాటు వాడారా? పాతది పట్టిన మగ్గులోనే కొత్తదీ పోశారా? లెక్కల మాస్టారై ఉండి ఇంత అశ్రద్ధ ఏంటి బాబాయ్? మా వాళ్ళ దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది. చుట్టాల ఆయిల్ పరీక్షలని ఇప్పటికే నవ్వుతున్నారు.

అసలేం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి.

సుచిత్ర

---

అవనిగడ్డ,
2 ఆగస్టు 1999.

చిరంజీవి సుచిత్రకు,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు చింపేద్దామనుకున్నాను. పరీక్ష పేపర్లో నెంబరు తప్పు వేసిన పిల్లాడితో కూడా నేనలా మాట్లాడలేదు. గరాటు వాడలేదు. మగ్గు వాడలేదు. చీటీలు మారలేదు.

రెండోసారి చదివితే కళ్ళు తెరుచుకున్నాయి. కొత్తదీ పాతదేనని నువ్వే రాశావు. ఆ డబ్బాలు అంతకుముందు ఎక్కడున్నాయి? అబ్బులు షెడ్డులో, బీరువాలో! వాడు సీలు చెడకుండా కొత్తది లాగేసి పాతది నింపాడన్నమాట. సూది పెట్టి తీశాడో, ఏం మాయ చేశాడో. బండిలో పోసేటప్పుడు దొంగిలించాడనుకున్నాను, డబ్బాలోదే కొట్టేశాడు! నీ ఉత్తరం పట్టుకెళ్ళి పాస్టరు అయ్యగారికి చూపించాను.

సంఘ పెద్దలు కూర్చున్నారు. మీ నాన్నని కూడా పిలిచాం. మన చర్చికి కొత్త కప్పు వేయిస్తున్నది ఆయనేగా. ఎంత బిజీలో ఉన్నా వచ్చి, చేతులు కడుక్కుని, జేబురుమాలుతో వేలు వేలూ తుడుచుకుని కూర్చున్నాడు. నువ్వు తియ్యలేదంటే బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నాం అబ్బుల్ని. "ఆయిల్‌కి బైబిలు ఏంటండీ? నా చేతులు చూడండి, పుస్తకం మసైపోద్ది. తియ్యలేదని చెప్పాను, అంతే" అన్నాడు. ఎంత పొగరు! చెయ్యి వెయ్యనంటే వెయ్యనన్నాడు. అప్పుడు మీ నాన్న నిదానంగా, "దొంగ సొత్తు ముట్టిన చేతులతో ప్రభువు బల్ల ముట్టకూడదు. పశ్చాత్తాపం వచ్చేదాకా ఆపుదాం" అన్నాడు. అందరం సరేనన్నాం.

నిన్న నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఇచ్చే రోజు. రొట్టె, ద్రాక్షరసం వరస వెంట వెళ్తూ అబ్బులు దగ్గర ఆగకుండా పక్కవాడికి వెళ్ళింది. వాడు లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గోడ దగ్గర ఉమ్మిన చప్పుడు లోపలికి వినబడింది. నాకు జాలి వేసిందనుకోకు, వేగటు పుట్టింది.

ఇక ఈ గొడవ ముగిద్దాం. నేను స్వయంగా గుడివాడ వెళ్ళాను. డబ్బా అన్నయ్య తన చేత్తో తీసి ఇచ్చాడు. "పరీక్షకా? ఎందుకురా ఇదంతా, వాడి మొహానికి పరీక్షలా?" అన్నాడు, నేనే పట్టుబట్టాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. సీలు తియ్యకుండా డబ్బానే పంపుతున్నాను. ఇది కొత్తదని ఒక్క ముక్క రాస్తే, అబ్బులు నోరు మూతపడుతుంది.

నీ తిట్లు మర్చిపోయిన బాబాయి

---

అవనిగడ్డ,
24 ఆగస్టు 1999.

సుచిత్రకు,

మూడు వారాలయింది. డబ్బా చేరిందా? పార్సిల్ వాళ్ళని అడిగితే చేరిందంటున్నారు. నా ఉత్తరంలో గరాటు మాట గట్టిగా అన్నానని అలిగావా? పెద్దవాణ్ణి, నోరు జారతాను. దానికి ఇంత మౌనమా? లేకపోతే మీ ఆఫీసులో ఊరికే పరీక్షలు చేస్తున్నావని ఏమైనా అన్నారా? ఏదో ఒకటి రాయి.

మీ నాన్న రెండుసార్లు ఫోన్ చేసి "సుచి ఏమైనా రాసిందా?" అని అడిగాడు. ఆయనకెందుకో తొందర.

అబ్బులు షెడ్డుకి ఇప్పుడు ఎవరూ బండి తీసుకెళ్ళడం లేదు. దొంగ దగ్గరికి ఎవరు వెళ్తారు? కొన్నాళ్ళు ఖాళీగా కూర్చున్నాడు. ఇప్పుడు రొయ్యల ప్లాంటులో ఐసు పెట్టెలు ఎత్తుతున్నాడట. మొన్న సంతలో ఎదురుపడ్డాడు, ఒళ్ళంతా ఆ నీసు కంపే. నా బూట్లు గుర్తొచ్చాయి. తల తిప్పుకున్నాను. "మాస్టారూ, రిపోర్టు వచ్చిందా?" అని సంతంతా వినేట్టు అరిచాడు.

వచ్చిందా సుచీ?

బాబాయి

---

విశాఖపట్నం,
30 ఆగస్టు 1999.

బాబాయ్,

అలగలేదు. భయపడ్డాను.

ఈ డబ్బా కూడా అంతే. అదే ఆసిడ్, అదే మట్టి, అదే సీసం. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పెట్టాను. మెషీన్ పాడై ఉండాలని ప్రార్థన చేశాను. మెషీన్ పాడవాలని దేవుణ్ణి అడిగింది ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. వేరేవాళ్ళ ఆయిల్ పెడితే మెషీన్ చక్కగా చెబుతోంది.

నా మొదటి తప్పు లెక్క ఏంటంటే, మీరు చీటీలు మార్చారనుకున్నాను. మీరేమో అబ్బులు డబ్బా మార్చాడనుకున్నారు. మనిద్దరికీ రాని ఆలోచన ఒక్కటే, మన కొట్టు. అది మన కొట్టు కాబట్టి రాలేదు. బయటి షాపు డబ్బా అయితే మొదటి రోజే అనుమానించేవాళ్ళం.

ఇంజన్లలోంచి తీసిన నల్ల ఆయిల్ పోగుచేసి, ఆసిడ్ వేసి విరగ్గొట్టి, మట్టితో వడకడతారు. తేనె రంగు వస్తుంది. దాన్ని డబ్బాల్లో పోసి మూతికి సీలు వేస్తారు. ఆ ఆసిడ్ పూర్తిగా పోదు. బేరింగుల్ని లోపలి నుంచి తింటుంది. మీ ఇంజన్ని తిన్నది అదే. ఈ డబ్బా నాన్న చేతిలోంచి మీ ఒళ్ళోకి, మీ ఒళ్ళోంచి నా బల్ల మీదకి వచ్చింది. మధ్యలో అబ్బులు లేడు.

మన కుటుంబంలో ఏ బండైనా నాలుగేళ్ళు సరిగ్గా తిరిగిందా, చెప్పండి? సూర్యకుమారి అత్తయ్య జీపు, అయ్యగారి వ్యాను, మీ పాత ఫియట్. సముద్రపు ఉప్పుగాలి అన్నాం. దివిసీమ రోడ్లన్నాం. డ్రైవర్లని తిట్టి మాన్పించాం. అన్నిటికీ మొదటి ఆయిల్ ప్రార్థన చేసి పోసింది నాన్నే.

ఆ మనిషే వచ్చి కూర్చుని, వేళ్ళు తుడుచుకుని, అబ్బుల్ని ప్రభువు బల్ల దగ్గరకి రావద్దన్నాడు. అది తలుచుకుని కంచం పక్కకి తోసేశాను.  నా ఒంట్లో ఉన్నదీ ఆయన రక్తమే.

అబ్బుల్ని లోపలికి పిలవండి. అయ్యగారికి ఈ ఉత్తరం చూపించండి. పోయిన ఉత్తరం చూపించారుగా.

సుచిత్ర

---

అవనిగడ్డ,
7 సెప్టెంబర్ 1999.

తల్లీ సుచిత్రా,

నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం దాచేద్దామనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మనింటి పరువు మనమే వీధిలో పోసుకుంటామా? అబ్బులుకి ఏదో సాయం చేసి, మెల్లగా సర్దుదామనుకున్నాను. కానీ మీ పిన్ని చూపు వచ్చిన కొత్త, కనబడిందల్లా చదువుతోంది. పరుపు కింద నుంచి తీసి చదివింది. "ఛీ! మీ అన్నదమ్ముల బతుకులు పాడుగాను! ఆ అబ్బులు పెళ్ళాం మొహం నేనెలా చూడను?" అని వంట మానేసి కూర్చుంది. గుడివాడ వెళ్ళక తప్పలేదు.

అన్నయ్య నన్ను పట్టుకుని ఏడ్చాడమ్మా. ఆయనా మోసపోయాడు! ఎక్కడి నుంచో వచ్చిన సరుకు వచ్చినట్టు అమ్మాడు, పాపం లోపల ఏముందో ఆయనకేం తెలుసు? నాకు గుండె మీద బరువు దిగిపోయింది. మొన్న ఆదివారం చర్చికి వచ్చి, ఎవరూ అడక్కుండానే బైబిలు మీద చెయ్యి వేసి, "ఏ డబ్బాలో ఏముందో నాకు తెలియదు, ఒకదానికీ ఒకదానికీ తేడా నాకు తెలియదు, ప్రభువే సాక్షి" అన్నాడు. ఏడవనివాళ్ళు లేరు. బల్ల దగ్గర మొదట ఆయనకే ఇచ్చారు.

అబ్బులు సంగతి కూడా మాట్లాడాం. దొంగతనం లేదు. కానీ పెద్దలు చెప్పినప్పుడు బైబిలు మీద చెయ్యి వెయ్యకపోవడం పొగరే కదా. దానికి క్షమాపణ అడిగితే బల్లకి చేర్చుకుంటామని కబురు పెట్టాం. వాడు కబురు తెచ్చినవాడి కాళ్ళ ముందు ఉమ్మాడట. వాడి ఖర్మ, ఏం చేస్తాం.

ఏమైతేనేం, పీడ వదిలింది. బందరులో ఇంజన్ కట్టడం పూర్తి కావస్తోంది. అక్టోబరు మొదటి ఆదివారం చర్చి కప్పు ప్రతిష్ఠకి అన్నయ్య వస్తున్నాడు. ఆ రోజే మొదటి ఆయిల్ ఆయన చేత పోయిద్దామని ఉంది, ఈసారి మంచిది చూసి పంపుతానన్నాడు. నువ్వూ వస్తే బాగుంటుంది. నాన్న మీద కోపం పెట్టుకోకు.

మనసు తేలికపడిన బాబాయి

---

విశాఖపట్నం,
20 సెప్టెంబర్ 1999.

బాబాయ్,

నేను రాను.

నాన్న నాకు మారుతి కొనిచ్చాడు కదా. గుడివాడ వచ్చి వెళ్ళేటప్పుడల్లా వెనక సీట్లో రెండు డబ్బాలు పెట్టి పంపిస్తాడు. మీకు పంపే కంపెనీయే, అదే ఎర్ర డబ్బా, పెట్రోలుకీ డీజిలుకీ పనికొచ్చే రకమే. వేసవిలో ఇచ్చినవి రెండు మా మెట్ల కింద ఉన్నాయి. మీ ఇంజన్ గొడవ మొదలైనప్పటి నుంచీ వాటి పక్కనుంచే వెళ్తున్నాను, వస్తున్నాను. తెరవడానికి చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం అందిన రోజు ఒకటి తెరిచాను. తెరిచేముందు అదీ కల్తీదే కావాలని కోరుకున్నాను. కల్తీదయితే నాన్నకి నిజంగా తెలియనట్టే. కన్నకూతురి బండిలో కూడా తెలియకే పోశాడు, పాపం అనుకునేదాన్ని. పరుగెత్తుకుంటూ వచ్చి మీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని.

శుభ్రంగా ఉంది బాబాయ్. ఇనుము లేదు, సీసం లేదు, ఆసిడ్ లేదు. ఉండాల్సినవన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. మా మెషీన్ ముందు ఇంత మంచి ఆయిల్ ఈ మధ్య పెట్టలేదు.

ఇప్పుడు చెప్పండి. మీకిచ్చినవన్నీ చెడ్డవీ, నాకిచ్చింది మంచిదీ ఎలా అయింది? ఏ డబ్బా ఎవరికివ్వాలో ఆయనకి తెలుసు. తమ్ముడికి ఏది, చర్చి వ్యానుకి ఏది, కూతురికి ఏది, అన్నీ తెలుసు. తెలిసి బైబిలు మీద చెయ్యి వేశాడు. తెలిసి బల్ల దగ్గర మొదటి ముక్క తిన్నాడు. మీ ఇంజన్లో రొచ్చు పచ్చడి సీసాలో వచ్చినప్పుడు ముక్కు మూసుకున్నాను. నా మెట్ల కింద ఉన్న ఈ శుభ్రమైన డబ్బాని చూస్తే నాకు అంతకన్నా రోతగా ఉంది. నన్ను ప్రేమగా చూశాడు కాబట్టే దొరికిపోయాడు. ఆ ప్రేమంటే అసహ్యం వేస్తోంది, ఆ అసహ్యానికి ఏడుపొస్తోంది.

మారుతి తియ్యడం మానేశాను. బస్సులో వెళ్తున్నాను.

సీలు తియ్యని రెండో డబ్బా మీకు పంపుతున్నాను. ఆదివారం అందరి ముందూ ఈ ఉత్తరం చదవండి. అబ్బులు క్షమాపణ అడగడం కాదు, అతన్ని మీరు అడగాలి. చదవలేకపోతే, ఇక నాకు ఉత్తరం రాయకండి.

సుచిత్ర

---

అవనిగడ్డ,
4 అక్టోబర్ 1999.

సుచీ,

రాస్తున్నానంటే చదివానని అర్థం. కానీ ముందు చదివింది నేను కాదు.

నిన్న ఆరాధనకి ముందు చర్చి ఆవరణలో అందరూ చేరారు. నా అంబాసిడర్ని తాడు కట్టి లాక్కొచ్చి అక్కడే పెట్టారు, ఆయిల్ ఇంకా పొయ్యలేదు. నీ ఉత్తరం నా జేబులో, నీ డబ్బా, మా ఇంట్లో మిగిలిన క్రిస్మస్ డబ్బా నా సంచిలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలనే వెళ్ళాను. రెండు డబ్బాలూ బానెట్ మీద పెట్టాను. కాగితం చేతిలోకి తీసుకున్నాను. నోరు రాలేదమ్మా. ఎదురుగా అన్నయ్య, నన్ను సైకిలు మీద బడికి దింపిన అన్నయ్య, నవ్వుతూ నిలబడ్డాడు.

ఆయనే అన్నాడు, "ఏరా, రెండు తెచ్చావేంటి? నేనూ ఒకటి తెచ్చాగా." "ఇవీ నీ కొట్టువేగా అన్నయ్యా. వీటిల్లో ఏదో ఒకటి పొయ్యి" అన్నాను. పన్నాగం పన్ని అన్న మాట కాదు, ఏదో ఒకటి అనాలని అన్నాను. మీ నాన్న ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాం. ఒక డబ్బా తీసుకుని తిరగేసి అడుగు చూశాడు. పక్కన పెట్టేశాడు. రెండోది తిరగేసి అడుగు చూశాడు. దాని మూత తియ్యబోయాడు. ఆలోచించి చేసింది కాదు, మీ పిన్ని కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి చూసినట్టు, చెయ్యి దానంతటదే చేసింది.

మీ పిన్ని నల్ల కళ్ళద్దాలు తీసి ముందుకొచ్చింది. "బావగారూ, అడుగున ఏముందండీ?" అంది.

అన్నయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది.  పిన్ని రెండు డబ్బాలూ తీసుకుని అయ్యగారికి తిరగేసి చూపించింది. ఆయన మూత తియ్యబోయింది నీ డబ్బా, దాని అడుగున చిన్న పచ్చ రంగు చుక్క ఉంది. నా దానికి లేదు. ఒకదానికీ ఒకదానికీ తేడా తెలియదని ప్రమాణం చేసిన మనిషి అడుగు చదివి ఏరుకున్నాడు, ముందు చదివింది ఆయనే. అప్పుడు నాకు నోరు వచ్చింది. నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను.

అబ్బులు గోడ అవతల నిలబడి అంతా చూస్తున్నాడు. వెళ్ళి క్షమించమన్నాను. "ఎండలో నిలబెట్టి ఏంటండీ ఈ మాటలు" అని విసుక్కుని, పంపు దగ్గర నోరు పుక్కిలించి, లోపలికొచ్చి వెనక వరసలో కూర్చున్నాడు, నేనూ అదే వరసలో. అంచులు నల్లబడ్డ గోళ్ళతో ద్రాక్షరసం గిన్నె పట్టుకుని తాగాడు. పక్కనున్న సంఘ పెద్ద సోమేశ్వరరావు జేబురుమాలుతో అంచు తుడుచుకుని తాగాడు. తర్వాత వంతు నాది. నేను తుడవలేదు. ఖైనీ, రొయ్యల నీసు, ఏవేవో వాసనలు కలిసి ముక్కుకి కొట్టాయి. వాంతి అయినంత పనయింది. మింగాను.

మీ నాన్న లోపలికి రాలేదు. కారులో కూర్చునే ఉన్నాడు. ఆరాధన అయ్యాక అద్దం దించి నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. సీటు కింద నుంచి ఒక డబ్బా తీసి నా చేతికిచ్చాడు. "సుచి బండికి ఆయిల్ మార్చాల్సిన రోజులొచ్చాయి. ఇది పంపు" అన్నాడు. నా మొహం చూడలేదు.

కారు మలుపు తిరిగాక డబ్బా తిరగేసి చూశాను. అడుగున పచ్చ చుక్క ఉంది.

శ్యాంబాబు